పెరటి కోళ్లలో ఏది ఉంచుకోవాలి, ఏది అమ్మాలి?

ఈ పాఠం పెరట్లో పది, ఇరవై నాటుకోళ్లు తిప్పుకునే వాళ్ల కోసం. కోడిని ఎలా పట్టుకోవాలి, ఎక్కడ తడిమి చూడాలి అనేది వీడియోలో కనిపిస్తుంది. నెలలు, కొలతలు, లెక్కలు వీడియోలో చెబితే గుర్తుండవు కాబట్టి ఇక్కడ రాస్తున్నాం. రెండూ కలిపి చూసుకోండి.

ముందు ఊళ్లలో మామూలుగా జరిగేది చూద్దాం. పండగ పది రోజులు ఉందనగా బేరగాడు వస్తాడు.

"అక్కా, ఆ ఎర్ర పుంజు ఎంతకిస్తవ్?"

"అది వద్దు తమ్మీ, ఆ పక్కన సన్నగున్నది తీస్కో."

"సన్నది నేనేం చేస్కుంట అక్కా? పెద్దదే ఇయ్యి, ఇంకో రెండొందలు ఎక్కువిస్త."

బేరం కుదురుతుంది. తప్పేం లేదు, కోళ్లను పెంచేదే అందుకు. చాలా ఇళ్లలో పెరటి కోళ్లంటే ఆడవాళ్ల చేతి డబ్బు. పిల్లల ఫీజు, గ్యాస్ బండ, పండగ చీర అన్నీ అందులోంచే. కానీ ఆ పుంజు పోయాక పెరట్లో ఏమవుతుందో చూడండి. మిగిలిన సన్న పుంజే ఇప్పుడు పెట్టలన్నిటికీ మగతోడు. ఉగాదికి దిగే పిల్లలన్నిటికీ అదే తండ్రి. వచ్చే పండక్కి ఆ పిల్లల్లో బాగా ఎదిగింది మళ్లీ బేరగాడి బుట్టలోకి పోతుంది, ఎదగనిది మళ్లీ తండ్రి అవుతుంది. పెట్టల్లోనూ ఇంతే. చుట్టాలొస్తే కండ పట్టిన పెట్ట కూరలోకి పోతుంది, బక్కది మిగులుతుంది. నాలుగైదేళ్లు ఇలా నడిస్తే "ఇప్పటి నాటుకోళ్లు ఎదగట్లేదండీ, మేత మార్చాలా?" అని అడుగుతాం. మేత సంగతి తర్వాత. ఏటా మంచి విత్తనం అమ్మేసి తాలు విత్తనం దాచుకుంటే పొలంలో ఏమవుతుందో పెరట్లోనూ అదే అవుతుంది. దేశవాళీ వరి విత్తనం దాచుకునే రైతు కంకులు ఎంచి పక్కన పెట్టాకే మిగతాది నూర్చుతాడు. కోళ్ల దగ్గర మాత్రం ఆ పద్ధతి మర్చిపోతాం.

కాబట్టి మొదటి సూత్రం: ఉంచుకునేవి ముందు ఎంచాలి, ఆ తర్వాతే బేరం. దీనికి మంచి సమయం కార్తీక మాసం. కార్తీకంలో చాలామంది మాంసం ముట్టరు, కోడి ధర ఎలాగూ పడిపోతుంది, అమ్మే తొందర ఉండదు. ఆ నెలలో గుంపు మొత్తాన్ని ఒక్కొక్కటిగా చేతిలోకి తీసుకుని చూడండి. ఉంచదలుచుకున్న వాటి కాలికి రంగు గుడ్డపీలిక గానీ ప్లాస్టిక్ రింగు గానీ వేయండి. వదులుగా వేయాలి, కాలు ఎదిగే కొద్దీ బిగుసుకుంటే వాస్తుంది. రింగు ఉన్నది అమ్మకానికి లేదని ఇంట్లో అందరికీ చెప్పండి, ముఖ్యంగా మీరు పొలంలో ఉన్నప్పుడు బేరగాడితో మాట్లాడే వాళ్లకి.

ఎన్ని ఉంచాలి?

దీనికి రెండు హద్దులు. ఒకటి రాత్రి గూడు. ఒక్కో కోడికి అడుగు నుంచి అడుగున్నర చదరపు చోటు ఉండాలి. అంతకంటే ఇరుకైతే ఉక్క, తేమ, ఒకదాన్నొకటి పొడుచుకోవడం, తెల్లారేసరికి గురక. రెండోది పెరటి మేత. చెత్తకుప్ప, పేడదిబ్బ, గడ్డి, పురుగు, చెదలు, వంటింటి మిగులు, ఇవి పది కోళ్లకు సరిపోయే చోట పాతిక కోళ్లు తిరిగితే మిగతా పదిహేను మన నూకల మీదే బతుకుతాయి. అప్పుడు అది పెరటి పెంపకం కాదు, చిన్న ఫారం అవుతుంది. ఫారం ఖర్చుతో నాటుకోడి గుడ్లు లెక్కకు రావు.

ఒక పెట్టకు రోజూ 50 గ్రాముల నూకలో జొన్నలో వేస్తున్నామనుకోండి. నెలకు కిలోన్నర, ఏడాదికి 18 కిలోల పైనే. పనికిరాని పెట్టలు ఐదుంటే 90 కిలోల గింజలు. ఇంట్లో ఎవరూ ఈ లెక్క వేయరు, ఎందుకంటే రోజూ గుప్పెడే కదా పోయేది.

పెట్టకు రెండు పనులు

ఇక్కడ చాలామంది పొరపడతారు. ఫారం కోడిని చూసిన కళ్లతో నాటు పెట్టను చూస్తారు, ఏడాదికి ఎన్ని గుడ్లు అని. నాటు పెట్ట పని అలా ఉండదు. అది 12 నుంచి 15 గుడ్లు పెడుతుంది, పొదుగుకు వస్తుంది, 21 రోజులు కూర్చుంటుంది, పిల్లలతో రెండు మూడు నెలలు తిరుగుతుంది, మళ్లీ పుంజు దగ్గరికి చేరి గుడ్లకు వస్తుంది. ఏడాదికి ఇలాంటి విడతలు మూడు నాలుగు. అందుకే నాటు పెట్ట గుడ్లు ఏడాదికి సుమారు 40 నుంచి 60 మధ్యే ఉంటాయి. పొదుగు మాన్పిస్తే, పిల్లల్ని త్వరగా వేరు చేస్తే ఇంకొన్ని పెరుగుతాయి.

అంటే మన గుంపుకు రెండు రకాల పెట్టలు కావాలి. గుడ్లు ఎక్కువ పెట్టేవి, పిల్లల్ని దక్కించేవి. ఒకే పెట్టలో రెండూ ఉంటే అదృష్టమే, కానీ అలా ఉండాలని పట్టుపట్టకండి. పది పెట్టల్లో మూడు నాలుగు మంచి తల్లులుంటే చాలు. మిగతా పెట్టల గుడ్లు వాటి కిందే పెట్టి పొదిగించవచ్చు. పొదుగుకొచ్చిన పెట్టను మాన్పించాలంటే గాలి, వెలుతురు బాగా వచ్చే జాలీ పంజరంలో మేత, నీళ్లు పెట్టి మూడు నాలుగు రోజులు ఉంచండి, అడుగున గడ్డి వేయకండి. కొందరు ముక్కులో ఈక గుచ్చుతారు, నీళ్లలో ముంచుతారు. ఆ హింస అవసరం లేదు, పంజరం చాలు.

మంచి తల్లి అంటే ఏది? ఎక్కువ పిల్లల్ని లేపిందే మంచి తల్లి అనుకుంటాం. 14 గుడ్లు పెడితే 12 పిల్లలు దిగాయి, భేష్ అంటాం. రెండు నెలలయ్యాక లెక్కపెట్టరు. దింపిన పిల్లలు కాదు, దక్కిన పిల్లలు లెక్క. ఒక పెట్ట 12 దింపి 4 మిగిల్చింది, ఇంకోటి 9 దింపి 7 మిగిల్చింది అంటే రెండోదే మన పెట్ట. మొదటిది పిల్లల్ని తడి గడ్డిలో తిప్పుతుంది, గద్ద నీడ పడినా రెక్క దించదు, తను ముందు తినేసి పిల్లల్ని వెనక వదిలేస్తుంది. రెండోది చిన్న అరుపు అరిచిందంటే పిల్లలన్నీ కంప కిందికి దూరతాయి. ఇది నేర్పితే వచ్చేది కాదు, పుట్టుకతో వస్తుంది, కొంత దాని కూతుళ్లకీ వస్తుంది. కాబట్టి ఆ 7 పిల్లల్లో పెట్టపిల్లల మీద ఒక కన్నేసి ఉంచండి.

దీనికి ఒక పాత నోటుపుస్తకం కావాలి. పెట్ట పేరు (మచ్చల పెట్ట, బోడమెడ పెట్ట, ఏదైనా సరే), గుడ్లకు వచ్చిన తేదీ, ఎన్ని పెట్టింది, ఎన్ని పొదగేశాం, ఎన్ని దిగాయి, రెండు నెలలకు ఎన్ని ఉన్నాయి. ఆరు గడులు. ఇంట్లో ఎవరికి కోళ్ల మీద ఎక్కువ ప్రేమో వాళ్ల చేతికి పుస్తకం ఇవ్వండి.

ఏ గుడ్డు ఏ పెట్టదో ఎలా తెలుస్తుంది అంటారా? మన ఇళ్లలో పెద్దవాళ్లు పొద్దున్నే గూడు తీసేటప్పుడు ఒక్కో పెట్టను పట్టుకుని వేలితో తడిమి, ఈరోజు గుడ్డు ఉందో లేదో చెప్పేవాళ్లు. ఇప్పటికీ అంతకన్నా మంచి పద్ధతి లేదు. చెయ్యి శుభ్రంగా ఉండాలి, గోళ్లు తీసి ఉండాలి, నొక్కకూడదు. పది రోజులు చూస్తే ఏ పెట్ట గుడ్డు కోలగా ఉంటుందో, ఏది గుండ్రంగానో, ఏది కాస్త ఎర్రగానో కంటికే తెలిసిపోతుంది. ఒక్కో పెట్ట గుడ్డు పోలిక ఇంచుమించు మారదు.

చేతిలోకి తీసుకుని చూడటం

రాత్రి పూట గూట్లో ఉన్నప్పుడు పట్టుకుంటే కోడి బెదరదు. ఎడమ చేతిలో దాని రొమ్ము ఆనించి, కాళ్లు వేళ్ల మధ్య పట్టుకుని, తల మీ చంక వైపు ఉండేలా పెట్టుకోండి. వీడియోలో నెమ్మదిగా చూపించాం.

గుడ్డు వచ్చే దారి చూడండి. గుడ్లు పెడుతున్న పెట్టకు అది వెడల్పుగా, తడిగా, మెత్తగా ఉంటుంది. మానేసిన పెట్టకు చిన్నగా, గుండ్రంగా, పొడిగా ముడుచుకుని ఉంటుంది. దానికి రెండు పక్కలా సన్నటి ఎముకలు రెండు చేతికి తగులుతాయి. వాటి మధ్య రెండు మూడు వేళ్లు పడితే పెడుతున్న పెట్ట, ఒక్క వేలే పడితే పెట్టడం లేదు. ఆ ఎముకల నుంచి రొమ్ము ఎముక చివరి దాకా మూడు నాలుగు వేళ్ల చోటుండి, పొట్ట మెత్తగా ఉండాలి. అక్కడ గట్టిగా కొవ్వు ముద్దలా తగిలితే అది తిని కూర్చుంటున్న పెట్ట. తురాయి ఎర్రగా, నిండుగా, వేడిగా ఉంటే పెడుతోంది. పాలిపోయి, ముడుచుకుని, పొట్టు రాలుతుంటే ఆగిపోయింది.

ఇదంతా ఈరోజు పెడుతోందా లేదా అనే చెబుతుంది, ఏడాది మొత్తం సంగతి చెప్పదు. పొదుగు మీద కూర్చున్న పెట్టకు, పిల్లలతో తిరుగుతున్న పెట్టకు అన్నీ ముడుచుకునే ఉంటాయి. వాటిని ఈ పరీక్షతో తీసేస్తే ఇంట్లో ఉన్న మంచి తల్లులన్నీ పోతాయి! పిల్లల్ని వదిలేసి నెలన్నర, రెండు నెలలు గడిచినా ఇంకా ముడుచుకునే ఉన్న పెట్టను అనుమానించండి.

పుస్తకాల్లో ఇంకో గుర్తు రాస్తారు. గుడ్లు పెట్టే కొద్దీ కాళ్ల పసుపు రంగు పాలిపోతుందని. నిజమే, మేతలోని పసుపు రంగు పచ్చసొనకు పోతుంది కాబట్టి ముందు గుడ్డు దారి చుట్టూ, తర్వాత కంటి చుట్టూ, ముక్కు, చివరికి కాళ్లు పాలిపోతాయి. కానీ ఇది పసుపు కాళ్ల కోళ్లలోనే పనిచేస్తుంది. మన నాటుకోళ్లలో నల్లకాళ్లవి, తెల్లకాళ్లవి బోలెడు. వాటిలో ఈ గుర్తు వెతకొద్దు.

రొమ్ము ఎముక మీద చెయ్యి వేసి చూడండి. కత్తిలా తేలి ఉంటే బక్కచిక్కింది. పురుగుల మందు వేసి, ఒక నెల మేపి మళ్లీ చూడాలి. వంకర తిరిగి ఉంటే అది కూరకే, పిల్లల కోసం ఉంచొద్దు. కాలివేళ్లు వంకర, ముక్కు పైది కిందిది కలవకపోవడం, ఇవి ఉన్నవి కూడా అంతే.

ఇంకో పరీక్ష సాయంత్రం చేయాలి. గింజలు వేయకముందే, గూటికి చేరుతున్న కోళ్ల మెడ కింద మేత సంచి తడమండి. రోజంతా తిరిగి ఏరుకుని తిన్న కోడికి అది నిండుగా ఉంటుంది. గుమ్మం దగ్గరే నూకల కోసం చూస్తూ కూర్చునే కోడికి ఖాళీగా ఉంటుంది. మన పెరటికి కావాల్సింది మొదటిది. పేడదిబ్బ చెదిరేసి ఈగ పురుగుల్ని తినేది, అరటి మొదళ్ల దగ్గర చెదల్ని ఏరేది అదే. (అదే కోడి కూరగాయ మడిలో ఆచ్ఛాదన అంతా కెలికేస్తుంది, అది వేరే గొడవ. మడికి కంచె వేసుకోవాలి గానీ దానికోసం కోడిని అమ్ముకోకూడదు.)

తొందరపడి తీసేయకూడనివి

ఈకలు రాల్చి బోసిగా, దిక్కుమాలినట్టు ఉన్న పెట్టను చూసి రోగం అనుకుని అమ్మేస్తుంటారు. ఏడాదికోసారి ఈకలు మార్చుకోవడం మామూలే, ఆ టైములో గుడ్లు ఆగుతాయి. చూడాల్సింది ఎంత త్వరగా మార్చుకుంటుందో. ఈకలన్నీ ఒక్కసారి రాల్చి రెండు నెలల్లో కొత్తవి తొడుక్కున్న పెట్ట మంచి పెట్ట. అందరికన్నా ముందే మొదలుపెట్టి, ఒక్కో ఈకా రాలుస్తూ నాలుగైదు నెలలు లాగేది గుడ్లలోనూ అలాగే ఉంటుంది.

కాళ్ల మీద పొలుసులు లేచి గరుకుగా ఉంటే అది చర్మంలో దూరే చిన్న పురుగు పని. కానుగ నూనో కొబ్బరి నూనో మూడు నాలుగు రోజులకోసారి కాళ్లకు పట్టిస్తే తగ్గుతుంది. పేలు పడితే బూడిద గుంటలో పొర్లనివ్వండి, గూడు సున్నం కొట్టండి. మే నెల ఎండలకు గుడ్లు ఆపిన పెట్టను జూన్ చివరి దాకా ఏమీ అనొద్దు. పక్కింటి గడ్డివాములో గుడ్లు పెట్టి వచ్చే పెట్టను "ఇది గుడ్లు పెట్టట్లేదు" అని అమ్మకండి. పది రోజులు పొద్దున పదింటి దాకా గూట్లోనే ఉంచి చూడండి.

వయసు సంగతి. గుడ్ల వరకు మొదటి ఏడాదే ఎక్కువ, తర్వాత ఏటా తగ్గుతూ వస్తాయి. గుడ్ల కోసమే అయితే రెండేళ్లు దాటాక పెట్టను మార్చుకోవడం మేలు. మంచి తల్లిని మాత్రం నాలుగేళ్లయినా ఉంచండి. గుడ్లు తగ్గితే ఏం, పక్క పెట్టల గుడ్లు పెట్టండి, అది పిల్లల్ని దక్కిస్తుంది.

కోలుకున్నా ఉంచకూడనివి

ఇది కష్టమైన మాట. రోగం వచ్చి, మనం రాత్రుళ్లు మేల్కొని మందు పట్టి, బతికించుకున్న కోడి మీద ప్రేమ ఉంటుంది. అయినా కొన్నింటిని విత్తనానికి ఉంచకూడదు.

కొక్కెర తెగులు, అంటే రాణిఖేత్, వచ్చి బతికిన కోళ్లలో కొన్నింటికి మెడ మెలిక తిరిగిపోతుంది. గింజ మీద ముక్కు వేస్తే పక్కన పడుతుంది. అవి మళ్లీ మామూలు కావడం అరుదు. గురక, ముక్కు కారడం, కన్ను వాయడం తగ్గినట్టే తగ్గి చలికాలంలో మళ్లీ వచ్చే కోడి ఆ రోగాన్ని ఒంట్లో మోస్తూనే ఉంటుంది, గుంపుకు అంటిస్తుంది, గుడ్డు ద్వారా పిల్లలకూ ఇస్తుంది. తెల్లపారుడు కూడా అలాంటిదే. ఒక పెట్ట కింద దిగిన పిల్లలు విడత తర్వాత విడత మొదటి రెండు వారాల్లో తెల్లగా పారుకుని చనిపోతుంటే గుడ్లు ఎవరివో చూడండి. గుడ్లు పెట్టిన పెట్ట చూడటానికి ఆరోగ్యంగానే ఉంటుంది. దాని గుడ్లు పొదగేయడం ఆపాలి. పశువైద్యుడి దగ్గర రక్తపరీక్ష వీలైతే చేయించండి.

వీటిని బతికుండగా సంతకు తోలకండి. మీ పెరట్లో రోగం ఇంకొకరి పెరట్లోకి వెళ్లడానికి అదే దారి. టీకా వేసుకుంటే ఈ బాధ సగం ఉండదు. పిల్లలకు మొదటి వారంలో లసోటా చుక్కలు, ఎనిమిది వారాలకు ఆర్2బి సూది. ఊళ్లో పది ఇళ్ల వాళ్లు కలిసి ఒకే రోజు వేయిస్తే మందు సీసా వృథా కాదు. కట్ చేసిన సీసా మర్నాటికి పనికిరాదు కదా.

గుడ్లు పొడుచుకు తినే పెట్ట గురించి చాలామంది అడుగుతారు. ముందు సున్నపు లోపం చూడండి, ఎండబెట్టి నలిపిన గుడ్డు పెంకులో నత్తగుల్లల పొడో వేయండి, గుడ్లు వెంటనే తీసేయండి, గుడ్లు పెట్టే చోటు చీకటిగా చేయండి. మూడు వారాలకీ మానకపోతే అమ్మేయండి. దాన్ని చూసి మిగతావీ నేర్చుకుంటాయి.

పుంజు

పది పెట్టలకు ఒక పుంజు. అంటే వచ్చే ఏడాది పిల్లలన్నిటిలోనూ సగం రక్తం ఈ ఒక్క పుంజుదే. మిగతా సగం పది పెట్టలు పంచుకుంటాయి. పది పెట్టల్ని ఎంచడానికి ఎంత సేపు పెడతామో ఒక్క పుంజును ఎంచడానికీ అంత సేపు పెట్టాలి. మనం చేసేది ఏంటంటే, అమ్మగా మిగిలింది పుంజు.

పుంజు గుడ్డు పెట్టదు కాబట్టి దాని గుడ్ల గుణం తెలియాలంటే తల్లిని చూడాలి. నోటుపుస్తకంలో బాగా రాసుకున్న పెట్ట కొడుకుల్లోంచే ఎంచండి. ఎదుగుదల చూడాలంటే ఒకే విడతలో దిగిన పిల్లల్ని మాత్రమే పోల్చాలి. జనవరిలో దిగినదాన్ని మే ఎండల్లో దిగినదాంతో పోల్చితే న్యాయం కాదు. మూడు నెలలకు ఒకసారి సంచిలో వేసి కొక్కెం త్రాసుతో తూయండి, రాసుకోండి, ఐదు నెలలకు మళ్లీ తూయండి. రెండుసార్లూ ముందున్నది నిజంగా ఎదిగేది.

బరువు ఒక్కటే కాదు. కాళ్లు నిటారుగా, రెండూ దూరంగా ఉండాలి. నడకలో తడబాటు ఉండకూడదు. పురుగు దొరికితే తను మింగకుండా కుక్కుక్కుమని పెట్టల్ని పిలిచే పుంజు మంచిది. గద్ద వస్తే ముందు అరిచేది అదే అయి ఉండాలి. చిన్నపిల్లల మీదికి, ముసలివాళ్ల మీదికి ఎగబడి పొడిచే పుంజును ఎంత అందంగా ఉన్నా ఉంచొద్దు. పిల్లాడి కంటి మీద పొడిస్తే ఆ పుంజు ధర దేనికి సరిపోతుంది?

గోదావరి జిల్లాల వైపు మిత్రులు కాకి, డేగ, నెమలి, సేతువ, పర్ల అని రంగు చూసి పుంజును ఎంచుతారు. అది పందెం లెక్క. పెరటికి రంగుతో ఒక్కటే పని. తెల్లకోడి గద్దకు, పిల్లికి దూరం నుంచే కనిపిస్తుంది, గడ్డిలో కలిసిపోయే మచ్చల కోడి, గోధుమ రంగు కోడి దక్కుతుంది. అసీల్ పుంజును పెరటి పెట్టలకు కలిపితే పిల్లలకు బరువు వస్తుంది, నిజమే. కానీ అసీల్ పెట్టలు గుడ్లు తక్కువ పెడతాయి, కొట్లాట ఎక్కువ. ఏటా అసీల్ రక్తమే ఎక్కిస్తూ పోతే రెండు మూడు తరాలకు గుడ్ల బుట్ట ఖాళీ అవుతుంది.

పుంజును ఎప్పుడు మార్చాలి? పెట్టపిల్లలు ఆరేడు నెలలకు గుడ్లకు వస్తాయి. అప్పటికీ తండ్రి పుంజే గుంపులో ఉంటే కూతుళ్లతోనే కలుస్తుంది. ఇలా రెండు మూడు తరాలు జరిగితే గుడ్లు మురగడం, పిల్లలు పెంకులోనే చనిపోవడం, పుట్టినవి ఎదగకపోవడం మొదలవుతుంది. కాబట్టి ఏడాది, ఏడాదిన్నరకు పుంజు మారాలి. కొనక్కర్లేదు. వేరే ఊళ్లో చుట్టాలతో మార్చుకోండి, మీ పుంజు వాళ్లకి, వాళ్ల పుంజు మీకు. పక్కింటి పుంజు పనికిరాదు, అది చాలాసార్లు మీ పుంజు తమ్ముడే!

వనరాజ, గ్రామప్రియ ఉన్నవాళ్లకు

హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ ఇచ్చిన రకాలు ఇవి. వనరాజ గుడ్లకూ మాంసానికీ, గ్రామప్రియ ముఖ్యంగా గుడ్లకు. నాటుకోడి కన్నా గుడ్లు బాగా ఎక్కువ పెడతాయి. కానీ పొదుగుకు రావు. ఇవి వేర్వేరు వంశాలను కలిపి తీసిన రకాలు, కాబట్టి వాటి గుడ్లు నాటు పెట్ట కింద పొదిగించినా పిల్లలన్నీ తల్లిలా ఉండవు, ఒక్కోటి ఒక్కోలా దిగుతుంది. వీటిలో ఎంపిక చేసుకుంటూ సొంత గుంపు తయారు చేద్దాం అనుకోకండి. గుడ్ల కోసం ఉంచుకుని, తగ్గాక అమ్మి, కొత్త పిల్లల్ని తెచ్చుకోవాలి. నాటు గుంపు వేరుగా నిలవాలంటే వనరాజ పుంజును అందులోకి వదలొద్దు. పిల్లలు బరువెక్కుతాయి గానీ పొదిగే గుణం పలచబడుతుంది. రెండు తరాల తర్వాత పొదగడానికి ఒక్క పెట్టా దొరక్క మిషన్ కోసం తిరగాల్సి వస్తుంది.

ఒక గుంపు లెక్క

ఒక ఇంట్లో కార్తీకం నాటికి 6 పాత పెట్టలు, 1 పాత పుంజు, వానాకాలం మొదట్లో దిగిన 8 పెట్టపిల్లలు, 9 పుంజుపిల్లలు ఉన్నాయనుకోండి. మొత్తం 24. గూడు 12 కోళ్లకే.

ముందు పుంజులు. పెట్టపిల్లలు గుడ్లకు రాబోతున్నాయి కాబట్టి వాటి తండ్రి, ఆ పాత పుంజు, వెళ్లిపోవాలి. 9 పుంజుపిల్లల్ని తూచి, తల్లుల్ని చూసి, మంచివి రెండు తీయండి. ఒకటి వేరే ఊరి పుంజుతో మార్పిడికి. మార్పిడి అన్నాం కదా అని నాసిది ఇవ్వకండి, వచ్చే ఏడాది వాళ్లూ మీకు నాసిదే ఇస్తారు. రెండోది ఇంట్లో అదనంగా. కుక్క పట్టినా, రోగం వచ్చినా గుంపు ఖాళీగా ఉండకుండా. ఇది పెట్టపిల్లలకు అన్నో తమ్ముడో అవుతుంది కాబట్టి అవసరం పడితే తప్ప, అదీ కొత్త పుంజు దొరికేదాకే. మిగతా ఏడు, పాత పుంజు పండగ బేరానికి. అవి కూడా ఒకేసారి కాకుండా ధర చూసుకుని. తెలంగాణలో ఆషాఢం బోనాలకు మళ్లీ గిరాకీ ఉంటుంది, కానీ అందాకా మేపితే తిన్న గింజలు ధరలో తీసేసి చూసుకోవాలి.

పాత పెట్టల్లో ఇద్దరు మంచి తల్లులు, గుడ్లు బాగా పెట్టే ఇంకో రెండు ఉంటాయి. రెండు పోతాయి. పెట్టపిల్లలు ఎనిమిదింటిలో మంచి తల్లుల కూతుళ్లు, బరువు ఉన్నవి, బాగా తిరిగేవి ఆరు ఉంచండి. మొత్తం 10 పెట్టలు, కొత్త పుంజు, అదనపు పుంజు. పన్నెండు. ఆ ఆరు కొత్త పెట్టల సంగతి ఇంకా తేలలేదు. మొదటి విడత గుడ్లు, మొదటి పొదుగు అయ్యేదాకా చూసి ఉగాది తర్వాత అందులో అన్నిటికన్నా వెనకబడ్డది ఒకటో రెండో తీసేయవచ్చు. అప్పటికి వాటి చోటుకు కొత్త పిల్లలుంటాయి.

కొత్త పుంజు తెచ్చాక

తెచ్చిన రోజే గుంపులో వదలకండి. మూడు వారాలు దూరంగా, వేరే నీళ్లగిన్నెతో ఉంచండి. రోగం ఉంటే ఆలోపు బయటపడుతుంది. ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. పుంజు పోయినా దాని వీర్యం పెట్ట కడుపులో రెండు మూడు వారాలు నిలిచి ఉంటుంది, ఆ గుడ్లు పాత పుంజు పిల్లల్నే ఇస్తాయి. కాబట్టి పాత పుంజుని, అమ్మబోయే పుంజుపిల్లల్ని, అదనపు పుంజుని కొత్తది ఇంటికొచ్చిన రోజే పెట్టల నుంచి వేరు చేసేయండి. ఆ మూడు వారాలూ రెండు పనులకూ సరిపోతాయి. ఆ రోజుల్లో గుడ్లు కూరకీ అమ్మకానికీ. కొత్త పుంజును వదిలాక ఇంకో వారం ఆగి, అప్పటి నుంచి పొదుగుకు గుడ్లు పోగు చేయండి.

పోగు చేసేటప్పుడు ఎంచిన పెట్టల గుడ్లే తీసుకుని, పెన్సిల్‌తో పెట్ట పేరు, తేదీ రాయండి. పెన్ను, స్కెచ్ వద్దు. గుడ్డు సన్నటి కొన కిందికి ఉండేలా, చల్లటి చోట ఇసుకలోనో గంపలో ఊక పోసో పెట్టండి. వారం దాటిన గుడ్డు పొదుగుకు వేయకండి. పెట్ట ఒంటి సైజును బట్టి 10 నుంచి 14. ఏడో రోజు రాత్రి సెల్‌ఫోన్ లైటు మీద పెట్టి చూసి, నరాలు కనిపించని గుడ్లు తీసేయండి. ఏ పెట్ట పేరున్న గుడ్లు ఎక్కువగా ఖాళీగా వచ్చాయో ఆ రాత్రే పుస్తకంలో రాసుకోండి.